చివరి స్క్రూ మీద ఎర్రచుక్క

ఆ కంపెనీ మిక్సర్ కొన్న డీజే ఎవరైనా సరే, అట్టపెట్టె విప్పగానే ముందు చేసే పని ఒకటుంది. మీటలు తడమడు, దీపాలు చూడడు. మిక్సర్‌ని వెనక్కి తిప్పి, కరెంటు తీగ గుచ్చేచోటు పక్కన ఉన్న చివరి స్క్రూ మీద ఎర్రచుక్క ఉందా లేదా అని చూస్తాడు. కందిగింజంత చుక్క. సగం స్క్రూ మీద, సగం రేకు మీద, ఎడమవైపుకు చిన్న తోకతో, గోళ్ళరంగుతో పెట్టింది. అది ఉందంటే పదేళ్ళు కళ్ళు మూసుకుని వాడుకోవచ్చు. పాత సరుకు అమ్మే దుకాణాల్లో బేరం "చుక్క ఉందా?" అన్న మాటతోనే మొదలయ్యేది.

ఆ చుక్క పెట్టే చెయ్యి పెద్దక్కది.

ఫ్యాక్టరీలో అందరికీ ఆమె పెద్దక్కే. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాడైన స్టోరు బాబాయి కూడా పెద్దక్కా అనే పిలిచేవాడు. ఆమె అతన్ని బాబాయ్ అనేది. ఈ వరస ఎలా కలిసిందని అడిగే తీరిక అక్కడ ఎవరికీ ఉండేది కాదు. అంత పని ఉన్న రోజులవి.

మిక్సర్ అంటే రెండు పాటల్ని ఒకదానిలోంచి ఇంకోదానిలోకి అతుకు తెలియకుండా జార్చే పెట్టె. తయారైన పెట్టెల్ని ఎనిమిదేసి చొప్పున వినే గదిలో బల్ల మీద వరసగా పెట్టేవారు. పెద్దక్క అన్నిటికీ కరెంటిచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఒక్కోదాని మీటనూ బొటనవేలితో అటూ ఇటూ జరుపుతూ కూర్చునేది. నలభై నిమిషాలు. మీట ఎక్కడ గరగరలాడినా, రవంత బరువనిపించినా ఆ పెట్టె మళ్ళీ లోపలికి వెళ్ళాల్సిందే. నలభై నిమిషాలూ పేచీ పెట్టకుండా నిలబడిన దానికే చుక్క. ఇరవయ్యారేళ్ళుగా పరీక్షకు ఒకటే పాట. ఆ పాటకు ఎన్ని ఊళ్ళ జనం చిందులేశారో గానీ, పెద్దక్క మాత్రం దాన్ని పళ్ళు కొరుకుతూ విన్నది. జన్మలో ఒక్క గంతు వెయ్యని మనిషి బొటనవేలు లేకపోతే ఎక్కడా డాన్సు లేదని పెద్దాయన ఆమెను ఆటపట్టించేవాడు.

కంపెనీ పెట్టింది పెద్దాయనే. ఇంటి పక్కన కారు షెడ్డులో మొదటి పెట్టె తయారుచేసి, భార్య గోళ్ళరంగు సీసా అడక్కుండా తీసుకొచ్చి స్క్రూ మీద చుక్క పెట్టాడు. ఎవరైనా స్క్రూ విప్పితే చుక్క పగులుతుంది, విప్పినవాడు దొరికిపోతాడు. అంతకుమించి ఆయన ఏమీ అనుకోలేదు. ఆ చుక్కకు అంత పేరొస్తుందని ఆయనే అనుకోలేదు. తర్వాత్తర్వాత భార్య తన సీసాలు బీరువాలో పెట్టి తాళం వేసుకునేదని చెప్పి నవ్వేవాడు.

"నలభై నిమిషాలెందుకండీ, పది చాలదా?" అని పనిలో చేరిన కొత్తలో పెద్దక్క అడిగింది.

"పాట మొదలెట్టిన అరగంటకి డీజేకి చెమట పడుతుందమ్మా. పెట్టెకీ అప్పుడే పడుతుంది. చెమట పట్టాక ఎలా ఉంటుందో చూడకుండా దాన్ని బయటికి పంపకు," అన్నాడాయన.

పెద్దాయన పోయి మూడేళ్ళయింది. కంపెనీ అల్లుడుగారి చేతికొచ్చింది. అల్లుడుగారు చెడ్డవాడు అనడానికి లేదు. భయపడ్డవాడు. భయపడ్డవాడి చేతిలో పడితే ఏదైనా ఎలా చిక్కిపోతుందో అలాగే ఆ కంపెనీ చిక్కిపోయింది. ఒక్కసారిగా కూలిపోయి ఉంటే అందరూ ఏడ్చి ఊరుకునేవారు. అది అలా కూలలేదు. ముందు మీటలు మారాయి. పాత మీట మంచి తలుపు మూసుకున్నట్టు మెత్తగా కదిలేది, కొత్తది జారిపోయేది. తర్వాత రేకు పలచబడింది. డీజేలు పంపిన ఫొటోలతో నిండి ఉండే వరండా గోడకు సున్నం వేయిస్తామని ఫొటోలన్నీ దించారు. సున్నమూ వెయ్యలేదు, ఫొటోలూ మళ్ళీ ఎక్కలేదు. గోడ మీద నలుచదరపు మచ్చలు మిగిలాయి. వరండాలో దీపం విడిచి దీపం తీసేశారు. తొంభైమంది ఉన్నచోట పదకొండుమంది మిగిలారు. ఖాళీ బల్లల మధ్య నడుస్తుంటే తన చెప్పుల చప్పుడు తనకే వెనకనుంచి వినిపించేది పెద్దక్కకు.

వెనక గదిలో ఒక అర మాత్రం నిండుతూ వచ్చింది. తిరిగొచ్చిన పెట్టెల అర. ఏడాదికే ముసలివై తిరిగొచ్చేవి. ప్రతిదాని వెనకా చెక్కుచెదరకుండా తన చుక్క. వాటి ముందు నుంచి వెళ్ళాల్సొచ్చినప్పుడు ఆమె తల పక్కకు తిప్పుకునేది. అయినా ఒక్క సంగతి పట్టుకుని వేళ్ళాడుతూ ఉంది. ఎన్ని పోయినా తన నలభై నిమిషాలు పోలేదు. తన చేతిలో ఉన్నంతలో తాను అబద్ధం ఆడలేదు.

అది పోయిన రోజు గురువారం.

మధ్యాహ్నం అల్లుడుగారు తానే వినే గదికి వచ్చారు. ఎప్పుడూ కబురు పంపేవాళ్ళే తప్ప ఆయన ఆ గది గడప తొక్కి ఎరగరు. ఆయన్ని చూడగానే పెద్దక్క హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది.

"పెద్దక్కా, రేపు పొద్దున్నే లారీ వస్తుంది. మూడు వందల పన్నెండూ ఎక్కాలి."

"ఎనిమిదేసి చొప్పున ముప్పైతొమ్మిది విడతలండీ. ఎంత లేదన్నా నాలుగు రోజులు పడుతుంది."

"నాలుగు రోజులు లేవు."

అల్లుడుగారు ఒక పెట్టె వీపు మీద వేలితో గీతలు గీస్తూ నిలబడ్డారు.

"మీటలన్నీ లైన్లో చూసేశారు. కరెంటు బోర్డు చేసినవాళ్ళు పరీక్ష చేసే పంపారు, కాగితం కూడా ఉంది. ఇంక మిగిలింది చుక్కే కదా. పెట్టెయ్యండి."

"కరెంటు బోర్డు ఈ సరుకుతోనే మారింది కదండీ. కొత్తది. దాన్ని ఇంతవరకూ ఎవరం వేడెక్కేదాకా నడిపి చూళ్ళేదు."

"ఈ సరుకు వెళ్తే పదకొండుమందీ ఉంటారు. వెళ్ళకపోతే సోమవారం నేను గేటు తియ్యను. బెదిరిస్తున్నాననుకోకండి. నా దగ్గర ఇంకే దారీ లేదు."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. అదే వచ్చిన చిక్కు. అబద్ధమని తెలిస్తే పెద్దక్క ఒంటికాలి మీద లేచేది. ఆమెకు ఎదురు చెప్పడం రాదనుకున్నవాళ్ళకి ఆ సంగతి ఎప్పుడో తెలిసొచ్చింది. ఇప్పుడు బల్ల మీది పెట్టెలకు కరెంటు తీసేసింది.

అల్లుడుగారు వెళ్ళగానే చెల్లెలు వచ్చింది. చెల్లెలు సోల్డరింగ్ బల్ల దగ్గర పనిచేస్తుంది. ఆ పని పెట్టించింది పెద్దక్కే. చెల్లెలి మొగుడు నడుం దెబ్బతిని ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఇద్దరు పిల్లలూ చదువుల్లో ఉన్నారు. అక్కాచెల్లెళ్ళ ఇళ్ళు ఒకే మెట్లకు అటొకటి ఇటొకటి. మొగుడు పోయినప్పటి నుంచీ పెద్దక్క భోజనం చెల్లెలి ఇంట్లోనే. చెల్లెలు తలుపు పట్టుకుని, లోపలికి రాకుండానే నిలబడింది.

"విన్నానక్కా. చుక్కే కదా."

"నువ్వు కూడా ఆ మాటే అంటావేంటే?"

"ఇన్నేళ్ళలో నువ్వు వద్దని వెనక్కి పంపినవి ఎన్ని? నూటికి ఒకటి. ఆ ఒకటీ పాడైతే తిరిగొస్తుంది, బాగుచేసి పంపుతాం. నా పని పోతే తిరిగొస్తుందా?" చెల్లెలు తలుపు వదిలి ఒకడుగు లోపలికి వేసింది. "నేనెప్పుడైనా నిన్నేదైనా అడిగానా అక్కా?"

నిజమే. ఎప్పుడూ అడగలేదు. అడక్కుండానే పెద్దక్క అన్నీ చేసేది.

వరండాలో పెట్టెల్ని వెనకవైపు పైకొచ్చేలా నాలుగు వరసలుగా పేర్చారు. పెద్దక్క గోళ్ళరంగు సీసా మూత తీసి, ఎడమచేత్తో కుంచె పట్టుకుని మొదటి పెట్టె ముందు వంగింది. మొదటి చుక్కకు చెయ్యి వణికింది. పదోదానికి వణకలేదు. వణకనందుకే ఆమెకు భయం వేసింది. నలభై దాటాక చుక్క తర్వాత చుక్క దానంతటదే పడిపోతోంది, ప్రతిదానికీ ఎడమవైపు అదే తోక. సగంలో సీసా అయిపోతే చెల్లెలు పరిగెత్తుకెళ్ళి ఇంకోటి తెచ్చింది. రెండు గంటల్లో పనైపోయింది. నడుం పట్టేసి లేవలేకపోతే స్టోరు బాబాయి చెయ్యి అందించాడు. అతను ఆమె మొహం చూడలేదు, ఆమె అతని మొహం చూడలేదు.

శుక్రవారం పొద్దున్న లారీ వెళ్ళిపోయింది. పదకొండుమందీ గేటు దాకా వెళ్ళి చూశారు. ఎవరో చప్పట్లు కొట్టారు కూడా. పెద్దక్క వినే గదికి తిరిగొచ్చేసరికి బల్ల మీద ఒంటరిగా ఒక పెట్టె ఉంది.

"మూల నొక్కుకుపోయింది పెద్దక్కా, లారీ ఎక్కించలేదు. లెక్కకి మించి ఒకటి ఎక్కువ చేశారు," అన్నాడు బాబాయి.

దాని వెనక కూడా చుక్క ఉంది. పెద్దక్క దానికి కరెంటిచ్చింది. పనేమీ లేదు కాబట్టి చేశాననుకుంటే సరిపోయేది గానీ, అందుకు కాదు చేసింది. చూడకుండా పెట్టిన చుక్క అబద్ధమో కాదో తెలుసుకుందామని చేసింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆ పాట పెట్టి, గోడ గడియారం చూసి, మీట మీద బొటనవేలు ఆనించింది.

పది నిమిషాలు. ఏమీ లేదు. ఇరవై. ఏమీ లేదు. మీట పరవాలేదు, చప్పుడు పరవాలేదు. ముప్పయ్యో నిమిషానికి ఆమె గుండె కుదుటపడింది, అనవసరంగా బెంబేలెత్తానే అని తనను తానే తిట్టుకుంది. ముప్పైనాలుగో నిమిషంలో వాసనొచ్చింది. ప్లాస్టిక్ దువ్వెన కాలితే వచ్చే వాసన. పాట మాత్రం ఏమీ ఎరగనట్టు హాయిగా సాగుతూనే ఉంది.

పెద్దక్క మీట మీంచి చెయ్యి తీసేసింది. సొరుగులోంచి టెస్టర్ తీసి, దాని మొనను పెట్టె రేకుకు ఆనించింది. టెస్టర్ పిడిలో చిన్న దీపం ఎర్రగా వెలిగింది. అంటే ఆ రేకులో కరెంటు ఉంది. మీట తలకాయ ప్లాస్టిక్‌ది కాబట్టి ఆమె బతికిపోయింది. ప్లగ్గు పీకేసి కుర్చీలో కూలబడింది.

విప్పి చూస్తే సంగతి తేలిపోయింది. పెద్దాయన కాలంలో కరెంటు బోర్డు కింద గోరంత మందాన గట్టి పలక ఉండేది. కొత్త బోర్డుకి దాని బదులు పలచటి ప్లాస్టిక్ కాగితం వేశారు. అది వేడికి ముడుచుకుపోయి, బోర్డు అడుగు రేకుకు తగిలింది. ప్లగ్గుకి మూడో పిన్ను, అంటే ఎర్తు, సరిగ్గా ఉన్నచోట ఫ్యూజు పోతుంది, పాట ఆగుతుంది, అంతే. వినే గదిలోనే ఆ ఎర్తు తీగ ఎప్పుడో ఊడిపోయింది. ఇక అద్దె హాళ్ళలో, పందిళ్ళలో, పెళ్ళిళ్ళలో మూడో పిన్ను గురించి ఎవడికి పట్టింది? అక్కడ ఫ్యూజు పోదు. పెట్టెను ముట్టుకున్నవాడు పోతాడు.

ఆమె ఆ బోర్డు పట్టుకుని నేరుగా అల్లుడుగారి గదికి వెళ్ళింది. ఆయన బోర్డును అటూ ఇటూ తిప్పి చూశారు. మొహం పాలిపోయింది. ఆయనకు అర్థమైంది. అర్థం కాలేదని పెద్దక్క తర్వాత ఎప్పుడూ అనుకోలేకపోయింది.

"ఒకటి పాడైతే అన్నీ పాడైనట్టేనా?"

"అన్నిట్లోనూ అదే కాగితం అండీ. వెనక్కి రప్పించండి."

"వెనక్కి రప్పిస్తే ఇంక కంపెనీ ఉండదు."

"మనుషులు పోతారండీ!"

"ఆలోచిద్దాం," అన్నారాయన. బోర్డును తన సొరుగులో పెట్టుకున్నారు.

నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. అయిదో రోజు పెద్దక్క ఆగలేక సరుకు కొన్న పెద్ద దుకాణానికి తానే ఫోన్ చేసింది. దుకాణంవాడు అల్లుడుగారికి ఫోన్ చేశాడు. సాయంత్రానికల్లా అల్లుడుగారు ఆమెను పిలిచి, ఎటో చూస్తూ, "మీరు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి పెద్దక్కా," అన్నారు. ఆ రోజే అన్ని దుకాణాలకూ, కొన్నవాళ్ళందరికీ కంపెనీ పేరు మీద ఒక ఉత్తరం వెళ్ళింది. స్టోరు బాబాయి దాని నకలు మడత పెట్టి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఇంటి మెట్ల మీద కూర్చుని చదివింది.

కంపెనీ అంటే గిట్టనివాళ్ళు పుకార్లు పుట్టిస్తున్నారట. ఎవరూ కంగారు పడనక్కర్లేదట. మీ మిక్సర్ వెనక చివరి స్క్రూ మీద ఎర్రచుక్క ఉందేమో చూసుకోండి. చుక్క ఉందంటే, ఇరవయ్యారేళ్ళ అనుభవం ఉన్న మా పరీక్షకురాలు దాన్ని నలభై నిమిషాలు స్వయంగా నడిపి చూసిందని అర్థం. నిశ్చింతగా వాడుకోండి.

పెద్దక్క ఆ కాగితాన్ని రెండోసారి చదవలేకపోయింది. ఇన్నేళ్ళలో ఆమె పేరు ఎవరూ ఎక్కడా రాయలేదు, ఆమె కోరుకోనూ లేదు. మొట్టమొదటిసారి ఆమె గురించి నాలుగు మాటలు రాస్తే అవి ఇవి.

"బాబాయ్, ఏ పెట్టె ఎవరు కొన్నారో ఆ కాగితాలు నీ దగ్గరున్నాయా?"

బాబాయి నీళ్ళు నమిలాడు. శుక్రవారం సాయంత్రానికి అవి కూడా తెచ్చాడు. గ్యారంటీ కోసం దుకాణాలవాళ్ళు పంపిన పేర్లు, ఫోన్ నంబర్లు. వారంరోజుల్లోనే సరుకు సగానికి పైగా అమ్ముడైపోయింది. పాత పేరు ఇంకా అంత పనిచేస్తోంది.

ఆమె శనివారం పొద్దున్నే కూర్చుని వరసగా ఫోన్లు చేసింది. దయచేసి దాన్ని వాడకండి, ప్లగ్గు పీకెయ్యండి, అరగంట దాటితే రేకులోకి కరెంటొస్తోంది అని ప్రతివాడికీ అదే మాట. కొందరు విని సరేనన్నారు. ఎక్కువమంది గోడకు చెప్పినట్టే. ఒకాయన నవ్వాడు. ఒకడు ఏ కంపెనీ పంపింది నిన్ను అని అడిగాడు. ఇంకొకడు బూతులు తిట్టాడు. అందరి మాటా చివరికి ఒక్కచోటికే వచ్చి ఆగేది: "చుక్క ఉందండీ. చూసుకున్నాం."

గొంతు బొంగురుపోయింది. మధ్యాహ్నం మూడు కావస్తుండగా, కాగితంలో తర్వాతి పేరు ఆ ఊళ్ళోనే ఉన్న ఒక స్కేటింగ్ హాలు. అక్కడ పాటలు పెట్టేవాణ్ణి ఊళ్ళో పిల్లలంతా మావయ్య అంటారు. ఫోన్‌లో గొంతు చాలా మర్యాదగా ఉంది.

"ఇప్పుడే ఆన్ చేశానమ్మా. మూడింటికి పిల్లలొస్తారు."

పెద్దక్క తన పాఠం అంతా మళ్ళీ చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఉత్తరం వచ్చిందమ్మా. చుక్క కూడా చూశాను, తోకతో సహా. ఆ చుక్క పెట్టే ఆవిణ్ణి నేనెప్పుడూ చూళ్ళేదు గానీ, ఇరవయ్యేళ్ళుగా ఆవిడ భరోసా మీదే పిల్లల్ని ఆడిస్తున్నాను."

"ఆవిణ్ణి నేనేనండీ."

ఆయన కోపం లేకుండానే అన్నాడు: "ఆవిడైతే చుక్క పెట్టాక ఇలా ఫోన్ చెయ్యదమ్మా." ఫోన్ పెట్టేశాడు.

గడియారంలో మూడుకు మూడు నిమిషాలు తక్కువ. మూడింటికి పిల్లలొస్తారు. ఆయన ఆన్ చేసి రెండు మూడు నిమిషాలైనా అయి ఉంటుంది. ముప్పైనాలుగు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. మూడున్నరకు కాస్త ముందు. పెద్దక్క సంచిలో గోళ్ళరంగు సీసా, టెస్టర్, కాగితాలు పడేసుకుని చెప్పులు తొడుక్కుంది. మెట్ల దగ్గర చెల్లెలు ఎదురైంది. పనిలోంచి అప్పుడే వచ్చినట్టుంది, మొహం మాడ్చుకుని ఉంది.

"పొద్దుట్నుంచీ ఫోన్లు చేస్తున్నావటగా. అల్లుడుగారు నన్ను పిలిచి అడిగారు, మీ అక్కకి ఏమైందని. పెట్టించిన చేత్తోనే నా పొట్ట కొడతావా?"

"అడ్డు లే."

"చుక్క పెట్టింది నువ్వు! నీ అంతట నువ్వు పెట్టావు. ఇప్పుడు నీతులు చెప్పడానికి బయల్దేరావా?"

పెద్దక్క చెల్లెల్ని పక్కకు నెట్టి మెట్లు దిగింది. పుట్టి బుద్ధెరిగాక చెల్లెలి మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు.

బస్సు సగం దూరంలోనే ఆగిపోయింది. ముందు ఏదో బండి అడ్డం తిరిగింది. దిగి పరుగందుకుంది. యాభై రెండేళ్ళ మనిషి, ఎప్పుడూ కుర్చీలో కూర్చుని చేసే పని. రెండు వీధులకే తల ప్రాణం తోకకొచ్చింది. హాలు దగ్గరపడేసరికి ముందు పాట వినబడింది, తర్వాత చక్రాల గరగర, పిల్లల కేకలు. లోపలికి అడుగుపెట్టేసరికి గోడ గడియారంలో మూడూ ఇరవయ్యారు.

నున్నటి నేల మీద ముప్పై నలభైమంది పిల్లలు గుండ్రంగా తిరుగుతున్నారు. చుట్టూ నడుమెత్తు ఇనప కమ్మీ. అలసినవాళ్ళు ఆ కమ్మీ పట్టుకుని నిలబడుతున్నారు. హాలు ఒక మూల మావయ్య బల్ల. బల్ల కాదు, ఇనప స్టాండు. కదలకుండా ఉండాలని దాన్ని ఆ కమ్మీకే బోల్టులేసి బిగించారు. స్టాండు మీద మిక్సర్. దాని తీగ రెండు పిన్నుల ప్లగ్గులోకి వెళ్ళి, నేల మీద పాక్కుంటూ పక్కనే రెండడుగుల్లో ఉన్న గోడదాకా పోయింది.

మూడో పిన్ను లేదు.

"ఆపండి!" అని అరిచింది. పాటలో ఆమె గొంతు ఆమెకే వినబడలేదు. మావయ్య నెరిసిన జుట్టుతో, చెవులకు హెడ్‌ఫోన్లతో, చేటంత మొహం చేసుకుని మీట జరుపుతున్నాడు. ఎదుటి కమ్మీ దగ్గర ఎనిమిదేళ్ళ పిల్ల ఒకత్తి ఉన్నట్టుండి చెయ్యి తీసేసి, అరిచెయ్యి తిప్పి చూసుకుంది. చీమ కుట్టిందా అన్నట్టు చూసుకుంది. కాళ్ళ కింద రబ్బరు చక్రాలున్నాయి కాబట్టి అంతటితో సరిపోయింది. పక్కనే ఆ పిల్ల తల్లి కాబోలు, మామూలు చెప్పులతో, నీళ్ళ సీసా పట్టుకుని, కమ్మీ మీద చెయ్యి వెయ్యబోతోంది.

పెద్దక్క గోడ దగ్గరికి ఉరికి ప్లగ్గు పీకేసింది.

పాట తెగిపోయింది. పిల్లలు ఒకరి మీదొకరు పడుతూ ఆగారు. మావయ్య హెడ్‌ఫోన్లు మెళ్ళోకి జార్చుకుని గబగబా వచ్చాడు.

"ఎవరమ్మా నువ్వు? ఏం పనిది?"

"పొద్దున ఫోన్ చేసింది... కాదు, ఇందాక. నేనే. దాన్ని ముట్టుకోకండి."

"మళ్ళీ అదేనా! చుక్క ఉందని చెప్పానా లేదా?" ఆమె చేతిలోంచి ప్లగ్గు లాక్కుని గోడవైపు వంగాడు.

పెద్దక్కకు ఊపిరి అందడం లేదు, మాట రావడం లేదు. సంచిలోంచి సీసా తీసి, మూత తిప్పి, ఎడమచేత్తో కుంచె పట్టుకుని, స్టాండు ఇనుము మీద, మిక్సర్ వెనక చుక్క పక్కనే ఇంకో చుక్క పెట్టింది. కందిగింజంత. ఎడమవైపుకు తోక దానంతటదే పడింది.

మావయ్య వంగినవాడు అలాగే తల తిప్పి చూశాడు. ఆ చుక్క చూశాడు, ఈ చుక్క చూశాడు. అదే ఎరుపు, అదే తోక. ప్లగ్గు పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది. అప్పుడు మిక్సర్ వెనకనుంచి వస్తున్న కాలిన దువ్వెన వాసన ఆయనకూ తగిలింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీరేనన్నమాట," అన్నాడు.

"నేనే."

"నలభై నిమిషాలు చూశాకే పెడతారు కదా?"

"దీన్ని చూళ్ళేదు. చూడకుండా పెట్టాను. మూడు వందల పన్నెండిటికి."

చెప్పేసింది. ఎవరితోనూ, చెల్లెలితో కూడా ఇంత సూటిగా అనలేదు. ఆయన తిడతాడనుకుంది, తిడితే బాగుండుననుకుంది. ఆయన తిట్టలేదు. పిల్లలవైపు చూశాడు. వాళ్ళు మళ్ళీ కమ్మీకి ఆనుకుని, పాట ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నారు.

"మా ఇంట్లో మీ చుక్కవి ఇంకా ఏడున్నాయి. అన్నీ పాతవి. మా అబ్బాయికి రెండిచ్చాను."

"అవి నిజమైనవండీ. ఒట్టు. అవి నేను చూసి పెట్టినవే."

"ఎలా నమ్మను?" అన్నాడాయన. కసిగా కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

ఇరవయ్యారేళ్ళలో ఎన్ని వేల పెట్టెలకు చుక్క పెట్టిందో, అన్నిటి గురించీ ఆ మాటే అడిగినట్టయింది పెద్దక్కకు. కళ్ళ నీళ్ళు ఆగలేదు. తుడుచుకుంటూనే సంచిలోంచి కాగితాలు తీసింది. ఇంకా వంద పేర్లున్నాయి. శనివారం కాబట్టి ఇదే వేళకి ఎన్నిచోట్ల పాటలు మొదలై ఉంటాయో, ఎన్ని పెట్టెలు వేడెక్కుతున్నాయో.

"నేను చెప్తే ఎవరూ వినడం లేదండీ," అంది.

మావయ్య ఆ కాగితాలు లాక్కున్నంత పని చేసి తీసుకున్నాడు. పేర్ల మీద వేలు పెట్టి చదివాడు. ఒకచోట ఆగి, "వీడు నాకు తెలుసు," అని జేబులోంచి ఫోన్ తీశాడు. అవతల మోగింది. ఎవరో ఎత్తారు. వెనకాల పాట గట్టిగా వినబడుతోంది.

"ఒరేయ్, నేను. ఆ కొత్త మిక్సర్ నడుస్తోందా? ఎంతసేపైంది? ... ముందు చెయ్యి తియ్యి. చెయ్యి తియ్యరా దాని మీంచి! గోడ దగ్గరికెళ్ళి ప్లగ్గు పీకు." అవతలివాడు ఏదో అన్నాడు. మావయ్య పెద్దక్కవైపు చూడకుండా, కళ్ళు గట్టిగా మూసుకుని అన్నాడు:

"ఉంటుందిరా. చుక్క ఉంటుంది. చుక్క ఉంది కాబట్టే పీకమంటున్నాను."

అవతల పాట ఆగిపోయింది. పెద్దక్క ముక్కు తుడుచుకుని, తర్వాతి నంబరు మీద వేలు పెట్టి చూపించింది.